బుక్కులో రాసిన గాలి

పై అంతస్తులో ఉండే పాప వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పించుకోవడానికి నా దగ్గరికి వస్తుంది. అమీన్‌పూర్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఏ తలుపు దగ్గర నిలబడినా ఇంగ్లీషే వినిపిస్తుంది. ఆ పాప తల్లి కూడా కాల్‌సెంటర్ ఉద్యోగంలో రోజంతా చెవికి యంత్రం తగిలించుకుని ఆ భాషలోనే మాట్లాడుతుంది. సాయంత్రానికి కూతురితో మాట్లాడడానికి ఆమెకు ఓపిక మిగలదు. అందుకని నేను.

మొన్న పాప బడిలో ఇచ్చిన కాగితం ఒకటి తెచ్చింది. మనుషులు పనులెలా చేస్తారో చెప్పే ఇంగ్లీషు నుడికారాలట, పన్నెండు. ఒక్కోదానికి అర్థం రాసి, సొంత వాక్యం కట్టాలి. ఏడోది ‘బై ద బుక్’. ‘నియమాల ప్రకారం, ఏమాత్రం తప్పకుండా పని చేయడం’ అని పాప గుండ్రటి అక్షరాలతో రాసింది.

“కరెక్టేనా ఆంటీ?” అంది.

కరెక్టే అన్నాను. టిక్కు పెట్టాను. అది మంచి పిల్ల, దానికెందుకు ఈ గోల. కానీ అది వెళ్లిపోయాక టీ కూడా పెట్టుకోకుండా అలాగే కూర్చుండిపోయాను.

పని చేయడానికి అన్ని మాటలున్న భాషను నేను ఇంకొకటి చూడలేదు. పని చేయకుండా చేసినట్టు కనిపించడానికి కూడా అందులో అన్నే మాటలున్నాయి. మా నాయినకు ఈ విషయంలో రెండే మాటలుండేవి: పని అయింది, పని కాలేదు. ఆ రెంటికీ మధ్య ఆయనకు ఏమీ తెలియదు. ఆ మధ్యలో కాపురం పెట్టి బతికినవాడు మా చిన్నాయన. అతనికి ఆ ఇల్లు చూపించింది నేను.

మా ఊరు పటాన్‌చెరు దాటాక రోడ్డు దిగి లోపలికి వెళ్లాలి. పేరు ఇప్పటికీ ఆటోవాళ్ల నోట వినిపిస్తుంది. ఆ పేరున్న చోట ఇప్పుడు రేకుల షెడ్లు, లారీలు, కిరాయి గదులు. నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం నాటికి మాత్రం అది ఇంకా సగం ఊరే. పొద్దున్నే జొన్నరొట్టె కాలే వాసన, పొలం వైపు నుంచి తడిసిన మన్ను వాసన వచ్చేవి. మధ్యాహ్నం గాలి తిరిగితే ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్లిన కోడిగుడ్ల వాసనో, గొంతులో గీరుకుపోయే మందు వాసనో వచ్చేది. మా నాయనమ్మ పప్పు గిన్నె మీద మూత పెడుతూ, “ఏ కంపెనోడు ఏం వండుతున్నడో ఇయ్యాల, ఉప్పు ఎక్కువైనట్టుంది” అనేది. అది పరిహాసం కాదు. ఆమె నిజంగానే వాసనను బట్టి ఏ ఫ్యాక్టరీయో చెప్పేది.

నాయిన వ్యవసాయం చేస్తూనే బావుల్లో పూడిక తీసే పనికి వెళ్లేవాడు. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి కబురొచ్చేది. పాత బావిలోకి మనిషిని దించే ముందు తాడుకు లాంతరు కట్టి దించేవాడు. దీపం మినుకుమంటే ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. వేపమండల కట్ట దించి పైకీ కిందికీ ఆడించేవాడు, నీళ్లు చల్లేవాడు, మళ్లీ దీపం దించేవాడు. ఒక్కోసారి సగం పూట దానికే పోయేది. బావిగలవాళ్లు సణిగేవాళ్లు. ఆయన బీడీ వెలిగించుకుని చెట్టు నీడకు పోయి కూర్చునేవాడు. ఆయన చేతి కింద ఒక్క మనిషికి కూడా ఏమీ కాలేదు. ఇది గొప్పగా చెప్పుకోగా నేనెప్పుడూ వినలేదు.

చిన్నాయన నాయినకు సొంత తమ్ముడు. ఇద్దరూ ఒకే తండ్రి దగ్గర, ఒకే బావుల్లో ఆ పని నేర్చుకున్నారు. కానీ చిన్నాయన ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పనికి కుదిరాడు. ఆ ఎండాకాలమే అతణ్ని సూపర్‌వైజర్‌ని చేశారు. పని వచ్చని కాదు. ఆఫీసర్ మాట పూర్తి కాకముందే ‘యెస్ సర్’ అనగలిగేవాడు, అందుకని. సూపర్‌వైజరయిన మర్నాటి నుంచే జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. పొద్దున రోజూ తినే మక్కజొన్న గట్క వద్దన్నాడు, టిఫిన్ కావాలన్నాడు. నాయనమ్మ గట్కనే పళ్లెంలో పోసి, “ఇదే టిప్పిను, తిను” అంటే ముఖం ముడుచుకుని తిన్నాడు.

అతని కష్టమంతా ఇంగ్లీషుతో. ఆఫీసర్ ఎక్కడో కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. తెలుగువాడే అయినా ఫ్యాక్టరీలో మాత్రం కూలీలతో వచ్చీరాని హిందీ, సూపర్‌వైజర్లతో ఇంగ్లీషు మాట్లాడేవాడు. చిన్నాయనకు అక్షరాలొచ్చు, అర్థాలు రావు. నేను పటాన్‌చెరులో ఇంగ్లీషు బడిలో చదివేదాన్ని, క్లాసులో ఫస్టు. అందుకని విన్న మాటలను సిగరెట్ పెట్టె లోపలి కాగితం మీద గీసుకొచ్చి నా ముందు పెట్టేవాడు. బదులుగా బస్టాండ్ దగ్గరి ఇరానీ హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు. వాటికి కూడా ఫ్యాక్టరీ వాసన అంటుకుని ఉండేది. నేను లెక్కచేయకుండా తినేదాన్ని.

నాకు అన్నీ తెలుసా? తెలియవు. కానీ ‘తెల్వదు’ అనడం నాకు నామోషీ. ఇంట్లో పెద్దవాళ్లంతా నా ముఖం వైపు చూస్తూ కూర్చుంటే, తెలియదని ఎలా అంటాను? విడివిడిగా మాటలు తెలిస్తే వాటిని కలిపి ఏదో ఒకటి చెప్పేదాన్ని. నోటికి వచ్చింది చెప్పి, బిస్కెట్ టీలో ముంచుకునేదాన్ని.

ఒకసారి ఆఫీసర్ ఒక కూలీ గురించి ‘హాఫ్ హార్టెడ్’ అన్నాడట. మనసు పెట్టి పని చేయడం లేదని విసుక్కున్నాడన్నమాట. నేను చాలా ఆలోచించి, “పాపం, ఆయనకు సగం గుండెనే ఉన్నదట చిన్నాయనా” అని చెప్పాను. చిన్నాయన అదిరిపోయి, ఒడిశా నుంచి వచ్చిన ఆ మనిషిని డ్రమ్ములు మోసే పని నుంచి తప్పించి, నీడలో కూర్చుని చీటీలు అంటించే పనికి మార్చాడు. ఆ మనిషి ఎండాకాలమంతా చల్లగా గడిపాడు. నా ఇంగ్లీషు వల్ల లోకానికి జరిగిన మేలు అదొక్కటే.

ఇంకోసారి మొరాయిస్తున్న పంపు గురించి ‘ప్లే ఇట్ బై ఇయర్’ అన్నాడట. అప్పటికప్పుడు చూసుకుందాంలే అని దాని అర్థం. నేను “చెవి పెట్టి వినాలె” అన్నాను. మర్నాడు చిన్నాయన అందరి ముందూ ఆ పంపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆఫీసర్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి భుజం తట్టాడు. “సారు మస్తు ఖుష్ అయిండు” అని ఇంటికొచ్చి చెప్పాడు చిన్నాయన. నాకు రెండు బిస్కెట్లు ఎక్కువ దొరికాయి. ఒకరి నవ్వుకూ ఇంకొకరి మెప్పుకూ తేడా తెలియని మనిషిని పదిమంది మీద పెత్తనానికి పెట్టారు. అంతకన్నా ఆ ఫ్యాక్టరీ గురించి చెప్పాల్సింది లేదు.

ఆ ‘బై ద బుక్’ వచ్చిన రోజు నేను ప్రహరీగోడ మీద కూర్చుని, స్నేహితురాలితో కలిసి పచ్చి మామిడికాయ ఉప్పూకారం అద్దుకుని తింటున్నాను. చిన్నాయన సైకిల్ దిగీ దిగకముందే కాగితం చాపాడు. ఫ్యాక్టరీ వెనక గోడ అవతల మురికినీళ్లు చేరే సిమెంటు గుంత ఒకటుండేది. రెండు నిలువుల లోతు, పైన పలకలు, ఒక మూల మనిషి పట్టేంత మూత. దాన్ని వాళ్లు ‘పిట్’ అనేవాళ్లు. దాన్ని శుభ్రం చేయించమనీ, ఆ పని ‘స్ట్రిక్ట్‌లీ బై ద బుక్’ జరగాలనీ ఆఫీసర్ నోటీసు ఇచ్చాడు.

“ఇదేంది బిడ్డా, బై ద బుక్?”

నా వేళ్లకు కారం, నోట్లో పులుపు, పక్కన స్నేహితురాలు. “బుక్కుల రాసుడు చిన్నాయనా. అన్నీ బుక్కుల రాయాలె” అన్నాను.

“గంతేనా?”

“గంతే.”

అతని ముఖం విచ్చుకుంది. “నేను ఇంకేందో అనుకొని పరేషాన్ అయిన. రాసుడు ఎంతసేపు” అన్నాడు.

గుంతలో దిగడానికి అతను వెతుక్కున్నది నాయిననే. పూడిక తీసే మనిషి ఇంట్లోనే ఉండగా వేరే ఎవరెందుకు? నాయిన మొదట వద్దన్నాడు, తమ్ముడు బతిమాలితే సరేనన్నాడు. తన వెంట పనిచేసే ఇద్దరిని తీసుకుని మర్నాడు పొద్దున వెళ్లాడు. మాకు మిగిలిన అరెకరం ఆ గుంత పక్కనే. కాస్త ఎండెక్కాక నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి మూత తీసి ఉంది. నాయిన దూరంగా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ దిగలేదు.

“దీపం దించుదామంటే ఇది మందుల వాసన, అగ్గి అంటుకుంటది. కోడిని గంపల పెట్టి దించుదాం. బతికి వస్తే మేం దిగుతం” అంటున్నాడు నాయిన. నన్ను చూసి, “బిడ్డా, ఇంటికి పోయి నాయనమ్మనడిగి ఒక పెట్టను పట్టుకరా” అన్నాడు.

నేను వెనక్కి తిరిగానో లేదో చిన్నాయన అరిచాడు. “ఏయ్, ఆగు! ఫ్యాక్టరీకి కోడిని తెస్తవా? సారు చూస్తే నా ఇజ్జత్ ఏమైతది? ఇది బావి కాదన్నా. ఇది పిట్. ఇక్కడ సిస్టం ఉంటది. గాలి టెస్ట్ చేసినట్టు, మిషన్ పెట్టి గాలి కొట్టినట్టు, అంతా బుక్కుల రాసిన. బై ద బుక్!”

ఆ మాట అంటూ నా వైపు చూశాడు. నేను గర్వపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఆ క్షణాన గర్వపడ్డానన్నది నిజం.

“ఏ మిషన్ పెట్టినవురా? నాకేం కనపడ్తలేదు” అన్నాడు నాయిన.

“స్టోరుల ఉన్నది. తాళం ఉన్నోడు ఇయ్యాల రాలే. రాసినం గద అన్నా.”

“గాలికి సదువొస్తదారా?”

వెంట ఉన్న ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతోనే వచ్చింది ముప్పు. ఆఫీసర్ పన్నెండింటికి చూడ్డానికి వస్తానన్నాడు. కూలీల ముందు పరువు పోయింది. చిన్నాయన చొక్కా విప్పి గడ్డి మీద పడేశాడు, రెండు పెన్నులతో సహా. ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. “భయపడేటోళ్లు ఆడనే కూసోండ్రి” అని మూత దగ్గరికి నడిచాడు.

నాయిన లేచి అడ్డం నిలబడ్డాడు. చిన్నాయన తోసేశాడు. “అయితే తాడన్న కట్టుకో” అని నాయిన అతని చంకల కింది నుంచి తాడు చుట్టి ముడి వేశాడు. చిన్నాయన బూతులు తిడుతూనే వేయించుకున్నాడు. ఆ పీడ వదిలించుకోవడానికే కావచ్చు, చేతులు పైకెత్తి చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. తర్వాత ఇనుప మెట్లు పట్టుకుని దిగాడు. తల లోపలికి పోయాక, “ఏం లేదు, సూడుండ్రి” అన్న మాట వినిపించింది. తర్వాత ఇంకేదో అనబోయినట్టు ఒక శబ్దం. ఆపైన మెత్తటి బురదలో బరువైనదేదో పడ్డ చప్పుడు.

కూలీల్లో చిన్నవాడు వెంటనే గుంతలోకి కాలు పెట్టాడు. నాయిన వాడి జుట్టు పట్టుకుని వెనక్కి గుంజి కింద పడేశాడు. “ఎవ్వడు దిగినా కాళ్లిరగ్గొడ్త” అన్నాడు. నేను అరుస్తున్నాను. ఏమని అరుస్తున్నానో నాకే తెలియదు.

“అరవకు! తాడు పట్టు!”

సద్ది గిన్నె వదిలేసి తాడు పట్టుకున్నాను. నలుగురం గుంజాం. చిన్నాయన మెట్లకు తగులుతూ, బురద కారుతూ పైకి వచ్చాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. నాయిన అతణ్ని బోర్లా తిప్పి వీపు మీద గుద్దుతూ, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. నాయిన ఏడుస్తూ తిట్టడం నేను అప్పుడే చూశాను. కొంతసేపటికి చిన్నాయన దగ్గాడు. ఫ్యాక్టరీ జీపులో దవాఖానకు తీసుకుపోయారు. బతికాడు.

రెండు రోజులకు ఆఫీసర్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని, నాయనమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టి, రిజిస్టర్ తెరిచాడు. అంతా చిన్నాయన చేతిరాతే. గాలి పరీక్షించడమైనది, రెండు గంటలు గాలి కొట్టడమైనది, ఓకే. కింద సంతకం, దాని కింద గీత.

“చూడండి, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మీవాడే రాశాడు. ఆ పైన ఎందుకు పడిపోయాడో మేమెలా చెప్పగలం? ఎండదెబ్బ కావచ్చు” అన్నాడు.

“మిషన్ స్టోరులనే ఉండె సారూ. నేనున్న ఆడ” అన్నాడు నాయిన.

“మీరు చెప్పేది మాట. ఇది రికార్డు.”

నేను ఉండబట్టలేకపోయాను. “చిన్నాయన తప్పు లేదు సార్. బై ద బుక్ అంటే బుక్కుల రాసుడని నేనే చెప్పిన” అన్నాను. ఏడుపు తన్నుకొస్తోంది. కొడతాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను.

ఆఫీసర్ నా వైపు ఒక క్షణం చూసి, గట్టిగా నవ్వాడు. వెంట వచ్చినవాళ్లూ నవ్వారు. “ఇందులో తప్పేముందమ్మా? సరిగ్గానే చెప్పావు” అని నా తల నిమిరాడు. “బాగా చదువుకో. మా దగ్గరే ఉద్యోగం ఇస్తాం” అన్నాడు.

ఆ చెయ్యి బరువు ఇంకా నా తల మీద ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆ సాయంత్రం నాయిన బర్రెకు గడ్డి వేస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన మోపంతా విప్పి వేశాడు. చివరికి, “నువ్వు చెప్పినవు, వాడు రాసిండు. సరె. బావిల ఎట్ల దిగాల్నో వానికి నువ్వు చెప్తేనే తెలుస్తదా? మా నాయిన ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి నేర్పిండు. వాడు మర్చిపోలే బిడ్డా. మర్చిపోయినట్టు చేసిండు” అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, తమ్ముణ్ని ఛీకొట్టడానికి అన్నాడో తెలియదు. నాకు మాత్రం ఓదార్పు కలగలేదు.

చిన్నాయన నెల తర్వాత పనిలోకి వెళ్లాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ముక్కుకు వాసన పూర్తిగా పోయింది, నాలుకకు రుచీ దాంతోనే పోయింది. పులిసిన పప్పు పెట్టినా, చింతకాయ తొక్కు పెట్టినా ఒకేలా తినేవాడు. అతనికి పెళ్లి కాలేదు, చూసుకునేది ముసలి తల్లే. ఆమె ప్రతి పూటా తిండి పాడైందేమో తన ముక్కుతో వాసన చూసి, తర్వాత పళ్లెం అతని ముందు పెట్టేది. ఊరిలో వాసనలన్నీ కనిపెట్టిన ఆ ముక్కుకు చివరికి మిగిలిన పని అది.

దీనికి అతను సిగ్గుపడ్డాడనుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీలో భద్రతా వారం పెట్టి, అతణ్ని స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, పని కోసం ‘ఎక్స్‌ట్రా మైల్’, అంటే అడిగినదానికన్నా ఎక్కువ దూరం, వెళ్లాడని రాసిన అట్ట ఒకటి ఇచ్చారు. దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. దాని అర్థం మాత్రం నన్ను అడగలేదు. అడిగితే ఈసారి సరైన అర్థమే చెప్పి ఉండేదాన్ని. ఆఫీసర్‌కు బదిలీ అయిందని విన్నాం, పెద్ద ఉద్యోగానికే.

నాకు చిన్నాయన మీద జాలి కలగాలని ఇన్నేళ్లుగా ప్రయత్నించాను. కలగలేదు. చేతిలో ఉన్న విద్యను చెత్తకుప్ప మీద పారేసి, అర్థం తెలియని నాలుగు మాటలను మెడలో తాయెత్తులా కట్టుకున్నవాడి మీద జాలి ఎలా వస్తుంది? ఆ తాయెత్తు అమ్మినదాన్ని నేనే కాబట్టి, నా మీదా రాదు.

ఎందుకంటే నేను బాగానే చదువుకున్నాను. డిగ్రీ అయ్యాక బొల్లారంలో మందుల కంపెనీలో, ఆ పాతదానిలో కాదు, వేరే దానిలో, రికార్డుల విభాగంలో చేరాను. కంపెనీ బస్సు, మెడలో కార్డు, ఏసీ గది. ఏ గదిలో ఎంత వేడి ఉందో, ఏ పాత్ర ఎప్పుడు కడిగారో, ఎవరు పరీక్షించారో అన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. నేను సరిచూసి సంతకం పెట్టాలి. ‘బై ద బుక్’కు ఆ ఆఫీసర్ నా తల మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్న అర్థమే అక్కడి అర్థం కూడా. నేనొక్కదాన్నే చిన్నప్పుడే దాన్ని కనిపెట్టాను, అంతే.

చేరిన మొదటి వారంలో ఒక ఆదివారం ఊరికి వెళ్లాను. అప్పటికి నాయిన బావుల పని మానేశాడు, బావులే లేవు. నాయిన అన్నంలో పచ్చిపులుసు కలుపుకుంటున్నాడు.

“ఏం పని బిడ్డా ఆడ?”

“రాసుడు నాయినా.”

ఆయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. “చూసి రాస్తవా?” అన్నాడు.

“చూసే రాస్త” అన్నాను.

ఆ వారంలో సంతకం పెట్టిన కాగితాలు నా కళ్ల ముందు తిరిగాయి. వాటిలో ఒక్క పాత్రనూ నేను చూడలేదు. ఒక్క గదిలోకీ పోలేదు.

నాయిన నా ముఖం వైపు కాసేపు చూశాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం మొదలుపెట్టాక ఇక నా వైపు చూడలేదు.